కంప్యూటర్ ప్రోగ్రామింగ్ ల్యాబ్ (జె.ఎన్.టి.యు. హైదరాబాదు)

కంప్యూటర్ ప్రోగ్రామింగ్ ల్యాబ్ అనునది హైదరాబాదు లోని జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం (జె.ఎన్.టి.యు.హెచ్.) పరిధిలోని ఇంజనీరింగు కళాశాలలలో బి.టెక్. మొదటి సంవత్సరం విద్యార్థులకు బోధించే ప్రయోగశాల పాఠ్యాంశం. ఇందు ప్రధానంగా సి భాషలో ప్రోగ్రాములు వ్రాయడం నేర్పుతారు. 2018 నిబంధనల నుండి దీనిని "ప్రోగ్రామింగ్ ఫర్ ప్రాబ్లెమ్ సాల్వింగ్ ల్యాబ్" అని వ్యవహరిస్తున్నారు. విద్యార్థి చేరిన శాఖ సివిల్ అయినా, మెకానికల్ అయినా, కంప్యూటర్ సైన్సు అయినా ఈ పాఠ్యాంశం తప్పదు. ఇంటర్మీడియట్ వరకు కంప్యూటరు ముట్టని విద్యార్థికి ప్రోగ్రామింగ్‌తో తొలి పరిచయం ఇక్కడే కలుగుతుంది. ఈ వ్యాసంలో ఆ ల్యాబ్‌లో విద్యార్థి నుండి ఆశించే పని ఏమిటి, దానికి మార్కులు ఎలా వేస్తారు, ఆ మార్కులు దేనిని కొలుస్తాయి అన్న విషయాలు వివరించబడ్డాయి.

నేపథ్యం

జె.ఎన్.టి.యు. 1972 అక్టోబరు 2న ఏర్పడింది. అనంతపురం, కాకినాడ, హైదరాబాదు లలో అప్పటికే ఉన్న ఇంజనీరింగు కళాశాలలు దీనిలో అంతర్భాగమైనాయి. వీటిలో హైదరాబాదు కళాశాల 1965లో నాగార్జునసాగర్ ఇంజనీరింగు కళాశాల అను పేరుతో మొదలైనది. 2008 ఆగస్టులో విశ్వవిద్యాలయాన్ని విభజించి హైదరాబాదు, కాకినాడ, అనంతపురం లలో వేర్వేరు సాంకేతిక విశ్వవిద్యాలయాలను ఏర్పాటు చేశారు. హైదరాబాదు విశ్వవిద్యాలయం కూకట్‌పల్లిలో ఉన్నది. జూబ్లీహిల్స్‌కు ఉత్తరాన ఎర్రగడ్డ, బోరబండలను ఆనుకొని ఉన్న మోతీనగర్, ఈ విశ్వవిద్యాలయానికీ సాఫ్ట్‌వేర్ శిక్షణ కేంద్రాలకు పేరుపొందిన అమీర్‌పేటకూ నడుమ ఉంటుంది. 2017 నవంబరులో మియాపూర్ మార్గంలో మెట్రో రైలు మొదలైన తరువాత భరత్‌నగర్, ఎర్రగడ్డ స్టేషన్ల నుండి రెండు వైపులకూ ప్రయాణం సులువైనది. ఉదయం కళాశాలలో ల్యాబ్, సాయంత్రం అమీర్‌పేటలో కోచింగ్ అనే దినచర్య ఈ ప్రాంతపు విద్యార్థులలో అనేకులకు పరిచితమే. ఒకే విషయానికి రెండు చోట్ల చదువు ఎందుకు అవసరమైనదో తెలియాలంటే ల్యాబ్ మార్కుల విధానాన్ని కొంత వివరంగా చూడవలసి ఉంటుంది.

విశ్వవిద్యాలయం కొన్ని సంవత్సరాలకు ఒకసారి నిబంధనలను మారుస్తుంది. విద్యార్థులు వీటిని ఆర్05, ఆర్07, ఆర్09, ఆర్13, ఆర్16, ఆర్18, ఆర్22 అని పిలుస్తారు. అక్షరం తరువాతి అంకె ఆ నిబంధనలు మొదలైన సంవత్సరాన్ని తెలుపుతుంది. ఒక విద్యార్థికి తాను చేరిన సంవత్సరపు నిబంధనలే సాధారణంగా చివరి వరకు వర్తిస్తాయి. అందువలన అన్న చదివిన పద్ధతి తమ్మునికి వర్తించకపోవచ్చు. స్వయంప్రతిపత్తి (అటానమస్) పొందిన కళాశాలలు తమ నిబంధనలను తామే రూపొందించుకుంటాయి కనుక వాటిలో కొద్దిపాటి తేడాలు ఉంటాయి.

ప్రయోగాలు

ఆర్09 కాలపు జాబితా మొదటి వారంలో మూడు ప్రోగ్రాములు ఉండేవి. ఒక సంఖ్యలోని అంకెల మొత్తం, ఫిబొనాచి శ్రేణి, 1 నుండి ఇచ్చిన సంఖ్య వరకు గల ప్రధాన సంఖ్యలు. తరువాతి వారాలలో వర్గ సమీకరణ మూలాలు, ఫాక్టోరియల్, గరిష్ఠ సామాన్య భాజకం, హనోయ్ గోపురాలు, మాత్రికల సంకలనం, పాస్కల్ త్రిభుజం, రోమన్ సంఖ్యను దశాంశ సంఖ్యగా మార్చడం వంటివి వచ్చేవి. ఆర్18లో జాబితాను సాధన, చిన్న గణిత సమస్యలు, శ్రేణులు, ఫైళ్ళు అంటూ విభాగాలుగా పునర్వ్యవస్థీకరించారు. 2018లో అఖిల భారత సాంకేతిక విద్యామండలి (ఎ.ఐ.సి.టి.ఇ.) విడుదల చేసిన నమూనా పాఠ్యప్రణాళిక లోనిదే "ప్రోగ్రామింగ్ ఫర్ ప్రాబ్లెమ్ సాల్వింగ్" అను పేరు.

ఈ కొత్త జాబితాలో ఒక్కొక్కటి 3 మీటర్ల ఎత్తు గల 10 అంతస్తుల భవనం పైనుండి బంతిని వదిలితే అది ఏ అంతస్తును ఎంత సమయంలో చేరుతుందో కనుగొనే ప్రోగ్రాము ఉన్నది. మొదటి 3 మీటర్లకు సుమారు 0.78 సెకన్లు, మొత్తం 30 మీటర్లకు సుమారు 2.47 సెకన్లు పడుతుంది. ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రం చదివిన విద్యార్థి జవాబును కాగితంపై సరిచూసుకొనగలడు. ఇటువంటి ప్రయోగమే బోధనకు అనువైనది. అదే జాబితాలో, మార్కుల శాతం ఇస్తే 40 లోపు తప్పినట్లు, 40 నుండి 60 లోపు ద్వితీయ శ్రేణి, 60 నుండి 70 లోపు ప్రథమ శ్రేణి, 70 ఆపైన డిస్టింక్షన్ అని ప్రకటించే ప్రోగ్రాము కూడా ఉన్నది. తనకు శ్రేణిని ఇచ్చే సూత్రాన్ని విద్యార్థే స్వయంగా కంప్యూటరుకు నేర్పడం ఈ పాఠ్యాంశంలోని ముచ్చట.

వారపు పని

ల్యాబ్‌కు ఆర్18లో వారానికి 3 గంటలు, 1.5 క్రెడిట్లు కేటాయించారు. ఆర్22లో 2 గంటలు, 1 క్రెడిట్. ల్యాబ్‌లో రెండు గంటలు కూర్చుంటే ఒక క్రెడిట్ లభిస్తుంది, తరగతిలో ఒక గంట పాఠం వింటేనే ఒక క్రెడిట్ లభిస్తుంది. వినడం కన్నా చేయడానికి విలువ తగ్గించిన ఈ లెక్క దేశమంతటా ఉన్నదే.

విద్యార్థి రెండు పుస్తకాలు నిర్వహించాలి. మొదటిది అబ్జర్వేషన్ పుస్తకం. ల్యాబ్‌కు వచ్చే ముందే ఆ వారపు ప్రోగ్రాము యొక్క ఉద్దేశ్యం, అల్గారిథం, ఫ్లోచార్టు దీనిలో వ్రాసుకొని రావాలి. ప్రోగ్రాము నడిచిన తరువాత వచ్చిన ఫలితాన్ని నమోదు చేసి ఉపాధ్యాయుని సంతకం తీసుకోవాలి. రెండవది రికార్డు. సంతకమైన ప్రోగ్రామును శుభ్రంగా, కుడి పుటలో ప్రోగ్రాము, ఎడమ పుటలో ఫలితం వచ్చేటట్లు తిరిగి వ్రాసి తరువాతి వారం సమర్పించాలి. హాజరు అన్ని పాఠ్యాంశాలకు కలిపి 75 శాతానికి తగ్గకూడదు. 65 నుండి 75 మధ్య ఉన్నవారికి అనారోగ్యం వంటి కారణాలపై మినహాయింపు దొరకవచ్చు. 65 కన్నా తగ్గితే పరీక్షకు అనుమతి ఉండదు.

అంతర్గత మార్కులు

ఆర్05 నుండి చాలాకాలం ల్యాబ్‌కు 75 మార్కులు ఉండేవి. అందులో 25 అంతర్గతం, 50 బాహ్యం. ఆర్16 నుండి ల్యాబ్‌ను కూడా థియరీ వలె 100 మార్కులకు తెచ్చి 25, 75గా విభజించారు. ఆ 25లో 15 మార్కులు రోజువారీ పనికి, 10 మార్కులు కళాశాలే నిర్వహించే అంతర్గత పరీక్షకు.

ఆర్22లో ఈ నిష్పత్తి 40, 60గా మారినది. అంతర్గతం 40లో రోజువారీ వ్రాతకు 10, వైవా లేక కేస్ స్టడీ వంటి దానికి 10, అంతర్గత ప్రయోగ పరీక్షకు 10, ల్యాబ్ ప్రాజెక్టుకు 10. ప్రాజెక్టు అనునది ఈ పాఠ్యాంశానికి కొత్త. ఇతరులు ఇచ్చిన సమస్య కాక, విద్యార్థి తానుగా ఎంచుకొని చేసిన పనికి తొలిసారిగా ఇక్కడ మార్కులు కేటాయించబడినాయి. పక్క రాష్ట్రమైన ఆంధ్రప్రదేశ్‌లో కాకినాడ, అనంతపురం సాంకేతిక విశ్వవిద్యాలయాలు 2023 నిబంధనలలో 30, 70 నిష్పత్తిని అనుసరించాయి.

థియరీలో కూడా ఇదే మార్పు కనిపిస్తుంది. ఆర్18లో మిడ్ పరీక్షలో వ్యాసరూప ప్రశ్నలకు 10, ఆబ్జెక్టివ్‌కు 10, అసైన్‌మెంటుకు 5 మార్కులు. రెండు మిడ్‌ల సగటును తీసుకుంటారు. ఆర్22లో మిడ్‌కు 30, అసైన్‌మెంటుకు 5, వైవా లేక ప్రదర్శనకు 5.

బాహ్య పరీక్ష

సంవత్సరాంతపు (ఆర్16 నుండి సెమిస్టరు చివరి) ప్రయోగ పరీక్షకు మరొక కళాశాల నుండి పరీక్షకుడు వస్తారు. ల్యాబ్ ఉపాధ్యాయుడు ఆయనతో కలిసి పరీక్ష నిర్వహిస్తారు. పరీక్ష సమయం 3 గంటలు. విద్యార్థులు చీటీ తీసి, దానిలో వచ్చిన ప్రోగ్రామును ముందు కాగితంపై వ్రాసి, ఆ తరువాత కంప్యూటరులో టైపు చేసి నడిపించి చూపుతారు. చివర వైవా ఉంటుంది.

ఆర్22లో బాహ్య పరీక్ష 60 మార్కులు ఇలా పంచబడినాయి. వ్రాతకు 10, ప్రోగ్రాముకు 15, ఫలితాల విశ్లేషణకు 15, అదే ల్యాబ్‌లోని మరొక ప్రోగ్రామును వివరించడానికి 10, వైవాకు 10. ఈ పంపకంలో గమనించదగినది ఒకటి ఉన్నది. ప్రోగ్రాము నడవకపోయినా, సరిగా వ్రాసి, తప్పు ఎక్కడ ఉన్నదో చెప్పగలిగిన విద్యార్థికి గణనీయమైన మార్కులు రావడానికి అవకాశం ఉన్నది. నడిచిన ప్రోగ్రాము గురించి ఒక్క మాట చెప్పలేని విద్యార్థికి మార్కులు తగ్గడానికీ అంతే అవకాశం ఉన్నది. పూర్వ నిబంధనలలో ఈ పంపకం పరీక్షకుని విచక్షణకే వదిలివేయబడి ఉండేది.

వైవాలో అడిగే ప్రశ్నలు తరచుగా నిర్వచనాలే. పాయింటరు అనగానేమి, శ్రేణికీ స్ట్రక్చరుకూ భేదమేమి అన్నవి. వీటికి జవాబులు కంఠస్థం చేయవచ్చు. అనుభవజ్ఞులైన పరీక్షకులు ప్రశ్నను ప్రోగ్రాము నుండే తీస్తారు. ఫాక్టోరియల్ ప్రోగ్రాము దీనికి మంచి ఉదాహరణ. చాలాకాలం ఈ ల్యాబ్‌లలో వాడిన టర్బో సి 16 బిట్ల కంపైలరు. దానిలో సాధారణ పూర్ణాంకం 32,767 వరకే పట్టుతుంది. 7 ఫాక్టోరియల్ 5,040 సరిగానే వస్తుంది. 8 ఫాక్టోరియల్ 40,320 రావలసిన చోట తెరపై ఋణ 25,216 కనిపిస్తుంది. జి.సి.సి. వంటి 32 బిట్ల పూర్ణాంకం గల కంపైలరులో ఇదే తిరకాసు 13 వద్ద మొదలవుతుంది. రికార్డులో 5 ఫాక్టోరియల్ 120 అని వ్రాసుకొన్న విద్యార్థిని "8 ఇచ్చి చూడుము" అని అడిగితే, ఆ ప్రోగ్రాము ఎవరిదో అర నిమిషంలో తెలిసిపోతుంది.

దూరం కనుగొనే ప్రోగ్రాము అటువంటిదే మరొకటి. తొలి వేగం, త్వరణం, కాలం ఇచ్చి దూరం లెక్కించే సూత్రంలో "ఒకటి బై రెండు" అన్న భాగాన్ని పాఠ్యపుస్తకంలో ఉన్నట్లే టైపు చేస్తే సి భాష రెండు పూర్ణాంకాలను భాగించి సున్న అని తీసుకుంటుంది. తొలి వేగం సున్న, త్వరణం 10, కాలం 4 సెకన్లు అయినప్పుడు 80 మీటర్లు రావాలి. వచ్చేది సున్న. కంపైలరు తప్పు చూపదు. ప్రోగ్రాము "నడిచినది" కనుక మార్కులు వేయవలెనా, జవాబు తప్పు కనుక తీసివేయవలెనా అన్నది పరీక్షకులలో వివాదాంశమే. ఫలితాల విశ్లేషణకు విడిగా 15 మార్కులు కేటాయించడం ఈ వివాదానికి కొంతవరకు సమాధానం.

ఉత్తీర్ణత, గ్రేడులు

ఆర్18లో బాహ్య పరీక్షలో 75కు 26, మొత్తం 100కు 40 వస్తే ఉత్తీర్ణులు. ఆర్22లో అంతర్గతంలో 40కి 14, బాహ్యంలో 60కి 21, మొత్తం 40 రావాలి. గ్రేడులు రెండింటిలోనూ ఒకటే. 90 ఆపైన ఓ గ్రేడు (10 పాయింట్లు), 80 నుండి ఏ ప్లస్ (9), 70 నుండి ఏ (8), 60 నుండి బి ప్లస్ (7), 50 నుండి బి (6), 40 నుండి సి (5), 40 లోపు ఎఫ్ (0). మొత్తం చదువు యొక్క గ్రేడు సగటు (సి.జి.పి.ఎ.) నుండి 0.5 తీసివేసి 10తో హెచ్చవేస్తే శాతం వస్తుంది. కనుక 60 శాతానికి 6.5 సగటు అవసరం.

ఈ అంకెలను ఒకచోట పెట్టి చూస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. ఆర్18లో అంతర్గతంలో 24 తెచ్చుకొన్న విద్యార్థి బాహ్యంలో కనీసమైన 26 తెచ్చుకొంటే మొత్తం 50, అనగా బి గ్రేడు. ఆర్22లో అంతర్గతంలో 38 ఉంటే బాహ్యంలో కనీసమైన 21తో మొత్తం 59. అంటే బాహ్య పరీక్షలో మూడవ వంతు మాత్రమే చేయగలిగినవారు కూడా ప్రథమ శ్రేణికి ఒక్క మార్కు దూరంలో నిలుస్తారు. అంతర్గత మార్కులు వేసేది విద్యార్థి చదివే కళాశాలే. తన విద్యార్థులకు తక్కువ మార్కులు వేసి పక్క కళాశాల ముందు చిన్నబుచ్చుకోవడానికి ఏ కళాశాలా ఇష్టపడదు. అందుచేత అంతర్గత మార్కులు తరగతి అంతటికీ 20 పైన గుంపుగా ఉండడం, బాహ్య మార్కులు విస్తరించి ఉండడం ఈ విధానంలో సహజ పరిణామం. అంతర్గత భాగాన్ని 40కి పెంచడం రోజువారీ పనిని గౌరవించే మంచి ఉద్దేశ్యంతో జరిగినదే. ఆ రోజువారీ పనిని ఎవరు, ఎంత శ్రద్ధగా చూస్తారన్న దానిపై దాని ఫలితం ఆధారపడుతుంది.

రికార్డు, నకలు

ల్యాబ్‌పై అత్యధిక విమర్శ రికార్డు విషయంలోనే ఉన్నది. రసాయనశాస్త్ర ప్రయోగశాలలో రికార్డుకు అర్థం ఉన్నది. అక్కడి రీడింగు ఒక్కసారే వస్తుంది, దానిని వ్రాసి ఉంచకపోతే పోతుంది. ప్రోగ్రాము కంప్యూటరులోనే భద్రంగా ఉంటుంది. దానిని చేతితో రెండుసార్లు వ్రాయించడం పాత ప్రయోగశాల సంప్రదాయం నుండి వచ్చిన అలవాటు. రికార్డును సమర్థించేవారి వాదన కూడా తీసివేయదగినది కాదు. కళాశాలలో కంప్యూటర్లు చాలనప్పుడు, ఇంటిలో కంప్యూటరు లేనప్పుడు, చేతివ్రాతే ప్రోగ్రామును వరుస వరుసగా చదివించే సాధనం.

చిక్కు ఎక్కడంటే, రికార్డు పూర్తి చేయడానికి సులభమైన మార్గం సీనియరు రికార్డును చూసి వ్రాయడం. జాబితా ఏళ్ళ తరబడి మారదు కనుక జవాబులూ మారవు. జిరాక్సు దుకాణాలలో ల్యాబ్ మాన్యువళ్ళు దొరుకుతాయి. చూసి వ్రాసిన ప్రోగ్రాములో ఒక సెమీకోలన్ జారిపోతే అది రికార్డులో ఎవరికీ కనిపించదు. స్కాన్ఎఫ్‌లో చలరాశి ముందు ఉండవలసిన ఆంపర్‌శాండ్ గుర్తు మరచినా, పోల్చడానికి రెండు సమాన గుర్తులు పెట్టవలసిన చోట ఒకటే పెట్టినా, రికార్డుపై సంతకం పడుతుంది. అవే తప్పులు బాహ్య పరీక్ష నాడు తెర ముందు బయటపడతాయి. అప్పుడు వాటిని దిద్దుకొనే అలవాటు విద్యార్థికి ఉండదు. ప్రోగ్రామింగ్‌లో నేర్చుకోవలసినదంతా దాదాపు ఆ దిద్దుబాటులోనే ఉన్నది.

ఇతర దేశాలలో దీనిని మరొక విధంగా ఎదుర్కొంటారు. అమెరికా విశ్వవిద్యాలయాలలో ప్రోగ్రామింగ్ కోర్సు మార్కులలో పెద్ద భాగం సెమిస్టరు పొడవునా ఇచ్చే అసైన్‌మెంట్లకు ఉంటుంది. సమర్పించిన ప్రోగ్రామును ముందుగా సిద్ధపరచిన పరీక్షాంశాలతో కంప్యూటరే నడిపి మార్కులు వేస్తుంది. ఒకరిది ఒకరు చూసి వ్రాసినది పట్టడానికి మాస్ అను సాఫ్ట్‌వేరును వాడతారు. 1994లో రూపొందిన ఈ సాధనం చలరాశుల పేర్లు మార్చినా పోలికను పసిగడుతుంది. ఎం.ఎస్. చదువుకై వెళ్ళిన తెలుగు విద్యార్థులకు ఇది తొలి సెమిస్టరులో ఎదురయ్యే పెద్ద మార్పు. స్నేహితునికి ప్రోగ్రాము ఇవ్వడం ఇక్కడ సహాయం, అక్కడ ఇచ్చినవారికీ తీసుకున్నవారికీ శిక్షార్హమైన నేరం. చాలా విశ్వవిద్యాలయాలలో పట్టభద్ర విద్యార్థి 4కు 3.0 సగటు నిలుపుకోవాలి కనుక ఒక్క కోర్సులో సున్న పడినా వీసాపై కూడా ప్రభావం పడవచ్చు.

భాష, అలవాటు

ఈ పాఠ్యాంశంలో అందరూ ఒకే గీత నుండి పరుగు మొదలుపెట్టరు. పాఠశాలలో కంప్యూటర్ సైన్సు చదివిన పట్టణ విద్యార్థి, పదవ తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివి ప్రవేశపరీక్షలో మంచి ర్యాంకు తెచ్చుకొన్న గ్రామీణ విద్యార్థి పక్కపక్కనే కూర్చుంటారు. ఇద్దరికీ 3 గంటల సమయమే. రెండవ విద్యార్థికి తర్కంలో లోటు ఉండదు. మీటలు వెతుక్కోవడంలోనూ, కంపైలరు ఆంగ్లంలో చూపే తప్పుల సందేశాన్ని అర్థం చేసుకోవడంలోనూ సమయం పోతుంది. టర్బో సి తప్పు చూపే వరుస సంఖ్య చాలాసార్లు తప్పు జరిగిన వరుసకు తరువాతిది అవుతుంది. ఈ చిన్న సంగతి ముందుగా ఒకరు తెలుగులో చెప్పి ఉంటే ఎన్నో గంటలు మిగులుతాయి. సి భాషకు ఆంగ్లంలో బాలగురుస్వామి, యశవంత్ కనేత్కర్ల పుస్తకాలు విరివిగా వాడుకలో ఉన్నాయి. ల్యాబ్‌లో వివరణ మాత్రం చాలాచోట్ల తెలుగులోనే సాగుతుంది, పరీక్ష ఆంగ్లంలో జరుగుతుంది.

64 బిట్ల విండోస్‌పై టర్బో సి నేరుగా నడవదు. దానిని డాస్‌బాక్స్ వంటి అనుకరణ ద్వారా నడిపేవారు. జి.సి.సి.కి మారిన కళాశాలల విద్యార్థులు టర్బో సి నాటి మాన్యువల్ చూసి కోనియో హెడరు, క్లియర్‌స్క్రీన్ ఆజ్ఞ వ్రాసి, అవి పనిచేయక తికమకపడడం ఈ పరివర్తన కాలపు సాధారణ దృశ్యం. ఆర్22లో కంప్యూటర్ సైన్సు విద్యార్థులకు మొదటి సంవత్సరంలోనే పైథాన్ ల్యాబ్ కూడా చేరినది.

తప్పినవారు

బాహ్య పరీక్షలో కనీస మార్కులు రానివారు సప్లిమెంటరీ పరీక్షకు హాజరు కావాలి. విద్యార్థుల పరిభాషలో ఇది బ్యాక్‌లాగ్. ల్యాబ్‌లో బ్యాక్‌లాగ్ అరుదు కనుకనే దానికి అపకీర్తి ఎక్కువ. ప్రాంగణ నియామకాలకు వచ్చే సంస్థలు అనేకం 60 శాతం మార్కులనూ, బ్యాక్‌లాగులు లేకపోవడాన్నీ అర్హతగా పెడతాయి. ఆ అర్హత దాటిన తరువాత అవే సంస్థలు తమ స్వంత ప్రోగ్రామింగ్ పరీక్ష పెడతాయి. దానిలో రికార్డు ఉండదు, సీనియరు ప్రోగ్రాము పనికిరాదు, సమస్య ఏ జాబితాలోనూ ఉండదు. అమీర్‌పేట శిక్షణ కేంద్రాలలో సి భాష తరగతులకు మొదటి సంవత్సరం ల్యాబ్‌లో ఏ గ్రేడు పొందినవారు కూడా తిరిగి చేరడానికి ఇదే ముఖ్య కారణం.